శ్రీమంతానికి వచ్చిన నీళ్లు

తిరుపతి,
బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి లోహితను అవ్వ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం క్షేమం. సూళ్లూరుపేటలో నువ్వూ, భానుచందరూ, కడుపులో బిడ్డా క్షేమమని తలుస్తాను. క్షేమం వరకైతే నేను హామీ ఇవ్వగలను. మర్యాద సంగతి అడిగితే మాత్రం, ఈ ఇంట్లో అది ఎవరి దగ్గర ఎంత మిగిలిందో చెప్పడం కష్టం.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోను తీయనని పట్టుబట్టి ఉత్తరం మాత్రం రాశావు. మంచిదే. ఫోనులో అయితే నేను సగం విని సగం తిట్టేదాన్ని. కాగితమైతే మొత్తం చదివి మొత్తం తిట్టవచ్చు.

నువ్వు అడిగిన వాటిలో తేలికైనవి ముందు. మీ అమ్మ రేవతి బీపీ మాత్రలు వేసుకుంటోంది, ఊరగాయ మాత్రం మానలేదు. నా చెల్లెలు మునిలక్ష్మికి మోకాలి నొప్పి తగ్గి నోరు పెరిగింది. నువ్వు కోపంలో వదిలేసి పోయిన పట్టుచీర ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టాను. జాకెట్టు మీద పసుపు మరక పోలేదు, పోదు. ఆ పచ్చ గాజుల సంగతి చివర రాస్తాను. అంతవరకు తీయవద్దు.

ఇక అసలు విషయం. "నాయన ఆఫీసులో ఏం చేసినా ఆఫీసు ఆఫీసే, ఇల్లు ఇల్లే. ఇరవై మంది పిలవని పేరంటానికి వచ్చి నా శ్రీమంతం పాడుచేశారు. శనివారం నాయన కారు పంపిస్తాడు. పోలీసు స్టేషనుకు వచ్చి, నాయన ఇచ్చిన ఫిర్యాదుకు సాక్షిగా వాంగ్మూలం మీద సంతకం పెడతాను. అవ్వా, అధికారి ఇంట్లో పండగ జరుగుతుంటే వచ్చి నిలదీయడం నీకు సరే అనిపిస్తోందా?" అని రాశావు.

సరే, జవాబు చెబుతాను. సంతకం పెట్టే చేతిని మాత్రం ఈ ఉత్తరం పూర్తయ్యేదాకా ఆపు.

మీ నాయన యోగానంద ఇంజనీరు. ఈ ఊరికి తాగే నీళ్లు ఇవ్వడం వాడి ఉద్యోగం. ఈ మాట నీకు చెప్పనక్కర్లేదు గానీ, వాడికి అప్పుడప్పుడు గుర్తుచేయాల్సి వస్తున్నది. ఇదే ఊళ్లో కుమ్మరమిట్ట అనే కాలనీ ఉంది. అక్కడి కొళాయిల్లో మురుగు కలిసి వస్తున్నదని ఎండాకాలం నుంచి చెబుతున్నారు. ఇప్పుడు చలికాలం.

శ్రీమంతానికి ముందు ఆదివారం ఆ కాలనీ ఆడవాళ్లు ముగ్గురు మన గేటు దగ్గరికి వచ్చారు. నేను పూలు కోస్తున్నాను. ముందు నిలబడ్డ దేశమ్మ, "సారుండారా అవ్వా?" అని అడిగింది. కిటికీ వెనక నుంచి మీ నాయన గుసగుసగా ఏదో అన్నాడు. నా చెవి సంగతి తెలుసు కదా, వినబడలేదు. రెండోసారి గట్టిగా, "లేడని చెప్పమ్మా" అన్నాడు. అది గేటు దాకా వినబడింది.

నేను దేశమ్మతో, "మావాడు లేడని చెప్పమంటా ఉండాడమ్మా" అన్నాను.

వెనక ఉన్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేశమ్మ నవ్వలేదు. "ఆఫీసులో అడిగితే సైటుకు పోయినాడంటారు. సైటుకు పోతే మీటింగంటారు. సోమవారం అర్జీ ఇస్తే రసీదిస్తారు. రసీదులు తాగేదానికి రావు గదవ్వా."

"అయినా పిలవని ఇంటికి రాగూడదు. ఇది ఆఫీసు గాదు" అన్నాను. నేను ఎవరికైనా ఆ మాటే అంటాను.

"తప్పేనవ్వా" అంది వెంటనే. "మా కోడలు జాహ్నవికి ఏడో నెల. కామెర్లొచ్చి ఆసుపత్రిలో ఉండాది. నీళ్ల వల్లనే వచ్చుంటాదని డాక్టరు చెప్పినాడు. ఆ మాట సారు చెవిన ఎయ్యల్లని వచ్చినాం, అంతే." గేటు తనే మూసి, గొళ్లెం పెట్టి వెళ్లింది. గొళ్లెం పెట్టి వెళ్లేవాళ్లు ఈ ఇంటికి ఎవరూ రారు. మీ నాయన స్నేహితులు రోజూ గేటు బార్లా తెరిచిపెట్టి పోతారు, ఆవులొచ్చి కనకాంబరాలు మేస్తాయి.

తర్వాత మీ నాయన బయటికి వచ్చి నాకు నీతి చెప్పాడు. "ఇట్లాంటోళ్లకు అలుసిస్తే రేపు పడకగదిలోకి వస్తారమ్మా."

"ఆఫీసులో కుర్చీలో కూసో నాయనా. పడకగదికి ఎవురూ రారు" అన్నాను.

నేను హెడ్‌మిస్ట్రెస్‌గా చేసిన రోజుల్లో కూడా పిల్లల తల్లిదండ్రులు ఇంటికి వచ్చేవాళ్లు. వాకిట్లోనే నిలబెట్టి "రేపు బడికి రండి" అనేదాన్ని. మర్నాడు గంట కొట్టకముందే బడిలో ఉండేదాన్ని. ఆ మర్నాడు ఉంటేనే "ఇంటికి రావద్దు" అనడానికి నోరుంటుంది. మీ నాయన మొదటి సగం నా దగ్గర నేర్చుకున్నాడు. రెండో సగం రోజు బడి ఎగ్గొట్టినట్టున్నాడు.

ఇప్పుడు శ్రీమంతం రోజు. నీ లెక్క తప్పు. లోపలికి వచ్చింది ఐదుగురు ఆడవాళ్లు. తక్కినవాళ్లు గేటు బయట, ఆ పార్టీ నాయకుడు ఢిల్లీబాబు జెండా కింద నిలబడ్డ మగవాళ్లు. రెండు గుంపులనూ ఒకే గాటన కట్టావు, అందుకే నీ కోపం ఎటు పోవాలో తెలియక తిరుగుతోంది.

ఢిల్లీబాబు మీద నీకు కోపం మండితే అందులో నేను ఇంకో గ్లాసు నూనె పోస్తాను. మైకులో నీ పేరు ఎత్తాడు. "ఇంజనీరు కూతురికి బంగారు గాజులు, ప్రజలకు మురికినీళ్లు" అని అరిచాడు. నువ్వు ఆఫీసులో ఏం ఉద్యోగం చేస్తున్నావని నీ పేరు? నేను బయటికి వెళ్లాను.

"ఎవురి తరఫున వచ్చినావు నాయనా?"

"ప్రజల తరఫునవ్వా!"

"ఏ ప్రజలు? ఒక పేరు చెప్పు."

"కుమ్మరమిట్ట కాలనీ ప్రజలవ్వా."

"ఆ కాలనీలో కొళాయి యాడుండాది? గుడి ముందరా, వెనకా?"

పక్కవాడి మొహం చూశాడు. పక్కవాడు ఫోనులో వీడియో తీస్తూ, "రైటు సైడన్నా" అన్నాడు.

"కడుపుతో ఉండే బిడ్డ పేరు మైకులో ఎత్తేదానికి మీ ఇంట్లో ఆడోళ్లు లేరా? నీకు నీళ్లియ్యనిది ఆమేనా, జీతం తీసుకునేది ఆమేనా?"

"అవ్వా, రికార్డవతా ఉండాది, కొంచెం మెల్లగా" అన్నాడు. మెల్లగా అనడం నాకు చిన్నప్పటి నుంచి రాదు. తరువాత మైకు ఆగింది. అంతకంటే ఆ మనిషి గురించి రాయడానికి సిరా దండగ.

ఆ ఐదుగురు అప్పుడే ఆటో దిగారు. తలారా స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకుని, పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, గాజులు పెట్టుకుని వచ్చారు. గేటు పక్కన సంపులోకి నీళ్లు వదులుతున్న ట్యాంకరు చూసి దేశమ్మ ఆగింది.

"ఇది మన కాలనీ ట్యాంకరు గదమ్మే? రిపేరుకు పోయిందన్నారే!"

"రిపేరు బాగా చేసినారు పెద్దమ్మా" అంది వెనకామె. "సూడు, ఎంత తెల్లంగా పోస్తా ఉండాదో."

లోహితా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించు. ఆఫీసు ట్యాంకరు మన సంపు నింపింది. ఆఫీసు అటెండరు మన పెరట్లో ఉల్లిగడ్డలు తరిగాడు. ఆఫీసు జీపు నీకు పూలదండలు మోసుకొచ్చింది. ఆఫీసు ఇంట్లోకి వస్తే అది మర్యాద, ఆఫీసు పని మీద మనుషులు వస్తే అది చొరబాటు! ఇల్లు వేరు అని నువ్వు అంటున్నావు. గోడ మధ్యలో తలుపు పెట్టింది మీ నాయన. తన వైపు నుంచే తెరుచుకోవాలని వాడి కోరిక.

లోపల వాళ్లు ఏం చేశారో నువ్వే చూశావు, కానీ ఏడుస్తూ చూశావు. నేను ఏడవలేదు కాబట్టి నా మాట నమ్ము. నీ చేతులకు గంధం పూశారు, గాజులు తొడిగారు, అక్షింతలు వేశారు. ఆ తర్వాతే సంచిలోంచి ఐదు సీసాలు తీసి పళ్ల తట్టల పక్కన పెట్టారు. "నీళ్లు విసిరి దౌర్జన్యం చేశారు" అని ఫిర్యాదులో ఉంది. ఒక్క చుక్క నేలమీద పడలేదు. ఆ చోటు తర్వాత తుడిచింది నేను. తుడవడానికి ఏమీ లేదు.

"సారూ, ఒక గుక్క తాగి సూడండి" అంది దేశమ్మ.

మీ అమ్మ పరుగున వచ్చి నీకు అడ్డం నిలబడింది. అప్పుడు దేశమ్మ అన్న మాట హాల్లో అందరూ విన్నారు. "ఆ బిడ్డకెందుకిస్తాం తల్లీ? కడుపుతో ఉండేవాళ్లు ఈ నీళ్లు తాగితే ఏమైతాదో మాకు తెలుసు. సారుకు గదా ఇస్తా ఉండేది."

సారు పూజగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. లోపల గంట మోగింది. ఈ ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ గదిలో దీపం పెట్టేది నేను. గంట ఎక్కడ ఉంటుందో వాడికి తెలుసని నాకు ఆ రోజే తెలిసింది.

నీ ప్రశ్నకు జవాబు ఇదే. పిల్లల జోలికి, కడుపుతో ఉన్నవాళ్ల జోలికి, రోగుల జోలికి, చావు జరిగిన ఇంటి జోలికి పోయేవాడు నా దృష్టిలో మనిషి కాడు, వాడి కష్టం ఎంత పెద్దదైనా సరే. ఆ గీత ఢిల్లీబాబు దాటాడు. కానీ ఆఫీసు తలుపు మూసుకున్నవాడు ఇంటి తలుపు తట్టారని ఏడిస్తే, ఆ ఏడుపుకు నా దగ్గర చేతిగుడ్డ లేదు. తట్టే చేతిలో రాయి ఉందా, పళ్లెం ఉందా అని మాత్రం చూస్తాను.

ఫిర్యాదు కూడా చదివాను. దేశమ్మ పేరు మొదట ఉంది, కింద తక్కిన నలుగురి పేర్లు. పిలవకుండా ఇంట్లో జొరబడ్డారని మీ నాయన రాశాడు. ఢిల్లీబాబు పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే, "వాళ్ల మామ పార్టీలో పెద్దమనిషి, రేపు ఏమవుతాడో తెలీదమ్మా" అన్నాడు. మైకు పెట్టి నిన్ను ఏడిపించినవాడు బయట, గాజులు తొడిగినవాళ్లు కేసులో. ఇంజనీరు లెక్క ఇది.

ఇక నీకు ఇంతవరకు చెప్పనిది చెప్పాలి.

వాళ్లు పిలవని పేరంటానికి రాలేదు. పిలిచింది నేను.

ఆ ఆదివారం గొళ్లెం పెట్టి వెళ్లిన మనిషిని మర్చిపోలేకపోయాను. మంగళవారం మునిలక్ష్మిని వెంటబెట్టుకుని, కుంకుమ భరిణె తీసుకుని, ఆటోలో కుమ్మరమిట్టకు పోయాను. మీ తాత పోయాక నేను బొట్టు పెట్టి పిలవకూడదు కాబట్టి మునిలక్ష్మి చేత పెట్టించాను. ఐదిళ్ల ఆడవాళ్లకు పెట్టించి, "మా మనవరాలి శ్రీమంతం. మీరు వచ్చి గాజులు తొడగల్ల. మీ కొళాయి నీళ్లు కూడా తీసుకురండి. మావాడు ఆ రోజు ఇంట్లోనే ఉంటాడు" అని చెప్పాను. పిలవని ఇంటికి రాకూడదన్నది నా మాటే. నా మాట నిలవాలంటే నేనే పిలవాలి.

నీకు ముందు చెప్పలేదు. చెబితే నువ్వు మీ నాయనకు చెప్పేదానివి. నీ పండగను నీకు తెలియకుండా వాడుకున్నాను. ఢిల్లీబాబు నీ పేరు వాడుకున్నాడని ఇంత రాశాను, నేను నీ శ్రీమంతమే వాడుకున్నాను. అతనికి ఆ వాసన నా పిలుపు వల్లే తగిలిందేమో కూడా. దానికి నువ్వు నా మీద ఎంత కోపం పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. వాళ్లను పిలిచినందుకు మాత్రం క్షమాపణ అడగను. బొట్టు పెట్టి పిలిచినవాళ్లు ఆకు ముందు కూర్చోకుండా వెళ్లిపోయారు, మీ అమ్మ వడ్డించవద్దని వంటవాళ్లకు చెప్పింది కనుక. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు.

నిన్న స్టేషనుకు వెళ్లాను. ఎస్సై చిన్నవాడు. నా కాగితం రెండుసార్లు చదివి, "అవ్వా, కొడుకు మీదనే రాసిస్తా ఉండారే?" అన్నాడు.

"కొడుకు మీద గాదు నాయనా. నేను చేసిన పని మీద. ఇల్లు నా పేరున ఉండాది. నా ఇంటికి నేను పిలిచినోళ్లు జొరబడినారని ఎవురైనా రాస్తే అది అబద్ధం" అన్నాను. మునిలక్ష్మి సాక్షి సంతకం చేసింది. బయటికి వస్తూ, "అక్కా, ఈ పొద్దు ఇంట్లో మనకు అన్నం పెడతారా?" అంది. పెట్టారు. రేవతి ఏడుస్తూనే పెట్టింది. మీ నాయన నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆ సీసాల్లో ఒకటి భోజనాల బల్ల మీద వాడి గ్లాసు పక్కన పెట్టాను. ఎవరినీ తీయనివ్వడం లేదు. నిన్న మూత తీసి వాసన చూశాడు. మూత పెట్టేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. ఇంతవరకు వచ్చాడు మీ నాయన. ఇంతకంటే ముందుకు వస్తే రాస్తాను.

శనివారం కారు వస్తుంది. ఎక్కాలో వద్దో నువ్వే తేల్చుకో. నువ్వు సంతకం పెడితే మనిద్దరిలో ఒకరు అబద్ధం చెప్పినట్టు కాగితం మీద ఉంటుంది. అది నేను కాదు.

ఇప్పుడు గాజులు. "ఎవరివో తెలియని ఆ పచ్చ గాజులు తీసేయనా?" అని అడిగావు. అవి జాహ్నవివి. శ్రీమంతానికని దేశమ్మ ముందే కొనిపెట్టుకుంది. ఆసుపత్రిలో ఆ పిల్ల చేతికి సూదులు గుచ్చి ఉన్నాయి, గాజులకు చోటు లేదు. "పెట్టెలో పెట్టి ఏం జేసేది, ఒక కడుపుతో ఉండే బిడ్డ చేతికన్నా ఎక్కనీ" అని సగం నీకు తెచ్చింది. మొన్న నేను ఆసుపత్రికి వెళ్లి చూశాను. ఆ పిల్ల కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. బిడ్డ కదులుతున్నదట. తక్కిన సగం గాజులు గుడ్డలో చుట్టి ఆమె దిండు కింద ఉన్నాయి.

తీసేయాలంటే తీసేయి. తీసినవి చెత్తలో వేయకుండా నాకు పంపు, నేను తీసుకుపోయి ఇస్తాను. ఉంచుకుంటే, పురుటికి వచ్చేటప్పుడు చేతినిండా వాటితోనే రా. నీ గదిలో మంచం వేయించి ఉంచాను.

ఇట్లు,
నువ్వు తిట్టినా ఆశీర్వదించే
నీ అవ్వ,
మునిరత్నమ్మ.