ఓడిన మాట

వరంగల్,
14-9-1984

భాగ్యక్కకు,

తమ్ముడు కైలాసం దండం పెట్టి రాసేది. ఇక్కడ అమ్మా నేనూ ఉన్నాం. షోలాపూర్‌లో నువ్వు, బావ, పిల్లలు బాగుంటే మాకు అదే చాలు.

నీ ఉత్తరం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. అమ్మ మోకాలి నొప్పి అట్లాగే ఉంది. పొద్దున ఒక్క పూటే తింటోంది. నేను పనిలో కుదురుకున్నానా అన్నావు. టాకీసులో రీళ్లు చుట్టే పని మానేశాను. డోర్నకల్‌లో వ్యాగన్ల నుంచి సరుకు దించే పనికి పోయి పదకొండు రోజులకు తిరిగొచ్చాను. తొమ్మిదిలో బడి మానేసినప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవదని నీకు తెలుసు. ఆనాడు బాపు కొట్టలేదు. "సరే, మరి ఏం చేస్తవురా?" అని అడిగి, జవాబు కోసం అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

బాపు నల్లకోటు ఏం చేశారని అడిగావు. మేకుకే ఉంది. మొన్న అమ్మ దులుపుతుంటే జేబులోంచి ఎర్ర నాడా ముక్క పడింది. అమ్మకు టైఫాయిడ్ వచ్చిన ఏడు, ఫైళ్లు కట్టే ఆ నాడాతోనే నీకు రెండు జడలు వేసి బడికి పంపేవాడు. నువ్వు ఏడిస్తే, "నేను కట్టిన ముడి జడ్జి గూడ ఇప్పలేడు, నడువు" అనేవాడు.

ముప్పై ఏళ్లు కూలీల కేసులే పట్టాడు. గెలిచింది తక్కువ, ఓడింది ఎక్కువ. గెలిస్తే కబురు పంపేవాడు. ఓడితే మాత్రం తానే సైకిలెక్కి వాళ్లింటికి పోయి చెప్పి, ఆ రోజంతా వాళ్ల గడపలోనే కూర్చునేవాడు. "గెలిచిన మాట ఎవలన్న చెప్తరు. ఓడిన మాట వకీలే చెప్పాలె" అనేవాడు.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. "బాపు ఆఖరి కేసు గెలిచిన సంతోషంతో పోయాడు. అది తలచుకుంటేనే నాకు నిద్ర పడుతోంది. గట్టయ్యను మిల్లులోకి తీసుకున్నారా?" అని రాశావు. నాలుగుసార్లు చదివాను. ఇన్నాళ్లూ దాచాను. ఇక దాచలేను.

బాపు గెలవలేదు అక్కా.

కళ్లు పోయి కోర్టు మానుకున్నాక బాపుకు మిగిలింది గట్టయ్య కేసొక్కటే కదా. యూనియన్ పెట్టాడని నూనె మిల్లు వాళ్లు తీసేసి ఏడేళ్లు. హైకోర్టు తీర్పు జూన్‌లో వచ్చింది. అంతా ఇంగ్లీషు. కోర్టు ముందర టైపు కొట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయాను. చివరి పేజీ చూసి, "కేసు కొట్టేసిండ్రు తమ్మీ. ఇంక పైన ఢిల్లీనే. అంత దూరం ఎవలు పోతరు?" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి బాపు మంచంలో ఎగపోస్తున్నాడు. అమ్మ జావ తాగిస్తోంది.

"హైద్రాబాదు నుంచి ఏమన్న వచ్చిందారా?"

"వచ్చింది బాపు. గెలిచినం."

ఎందుకన్నానో తెలియదు. నేను చెప్పిన మాటకు బాపు ముఖం వెలగడం అదే మొదటిసారి.

"ఇదొక్కటి నేనే చెప్త. గట్టయ్యను పిలువుండ్రి" అన్నాడు. అమ్మ బస్సు కండక్టరుతో తొర్రూరుకు కబురు పంపింది. అక్కడ పత్తి మిల్లులో గట్టయ్య వాచ్‌మన్. మర్నాడే వచ్చాడు. బాపు అతని చెయ్యి పట్టుకుని, "గెలిచినవు గట్టయ్యా. కాయిదం ఎనుక వస్తది. నువ్వయితే గేటు కాడికి పో" అన్నాడు. నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. గట్టయ్య బయటికొచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చాడు. అప్పుడైనా చెప్పాల్సింది. మూడో రోజు బాపు పోయాడు. గట్టయ్య పాడె మోశాడు. నువ్వూ చూశావు. అప్పటికే తొర్రూరు పని వదిలేసి వచ్చాడట.

పోయిన నెల ధైర్యం చేసి తీర్పు కాగితం పట్టుకుని వాళ్లింటికి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. గట్టయ్య నవ్వాడు.

"గిది ఇంగ్లీషేనా?"

"అవును."

"నువ్వేం చదివినవు?"

"తొమ్మిది ఫెయిలు."

"మరి? ముప్పయేండ్లల్ల వకీల్ సాబ్ నోట అబద్ధం విన్నవా?"

"అబద్ధం నాదే. బాపుకు నేనే చెప్పిన. కోర్టు ముందర టైపు కొట్టేటాయన దగ్గరికి నడువు, ఆయన చదివి చెప్తడు."

"టైపు కొట్టెటోడు నాకు చెప్పుడేంది? వకీల్ సాబ్ నా చెయ్యి పట్టుకొని చెప్పిండు. బాపు పొయ్యిన రందిల నీకు మతి తప్పింది తమ్మీ. జర నీళ్లు తాగు."

ఆయన భార్య సోమక్క నన్ను వాకిలి దాకా దిగబెట్టింది. ఆమె నవ్వలేదు. "నువ్వు చెప్పిందే నిజమని నాకెర్కైంది. తొర్రూరు సేటు ఇంకొకన్ని పెట్టుకున్నడు. ఇగ మేం ఏడికి పోవాలె, నువ్వే చెప్పు" అంది.

నీ నిద్ర కూడా చెడగొట్టాను. క్షమించమని అడిగే ముఖం లేదు. తీర్పు కాగితం ఇందులో పెట్టాను. నువ్వు చదువుకున్నదానివి, టీచరువి. నువ్వు వచ్చి చెబితే గట్టయ్య నమ్ముతాడేమో అనుకున్నాను. నమ్మడు. బాపే లేచొచ్చి చెప్పాలి.

అయినా చెప్పాల్సింది నేనే, డోర్నకల్ నుంచి అందుకే వచ్చేశాను. ఇప్పుడు రోజూ ఏడింటికి నూనె మిల్లు గేటుకు పోతున్నాను. గట్టయ్య ఉతికిన చొక్కా వేసుకుని అక్కడే ఉంటాడు. లోపలికి పోయేవాళ్లు నవ్వుకుంటూ పోతారు. పక్కన కూర్చుని, ఓడిపోయామని రోజూ అదే మాట చెబుతాను. ఆయన సగం తాగిన బీడీ నా చేతిలో పెట్టి, "ఫికర్ చెయ్యకు తమ్మీ, కాయిదం రానియ్యి" అంటాడు.

ఇట్లు,
బాపు కొడుకునని చెప్పుకోలేని
నీ తమ్ముడు
కైలాసం