ముందు సీటు

ఏప్రిల్ 12, బుధవారం

సైకిల్ వచ్చింది. అంధుల సంఘం వాళ్లు సవోనా నుంచి వ్యాన్‌లో తెచ్చి మెట్ల కింద పెట్టి వెళ్లారు. రెండు సీట్లు, రెండు జతల పెడల్స్. మా వరండా అంత పొడవుంది. ఎజియో ముందు హ్యాండిల్ దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా తడిమాడు. వెనక సీటు మీద చెయ్యి ఆగింది. “ఇదా నాది?” అన్నాడు. లోపలికెళ్లి రేడియో పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 13

పొద్దున్నుంచీ రేడియో దగ్గరే ఉన్నాడు.

ఏప్రిల్ 16, ఆదివారం

పోయిన ఆగస్టులో ఎజియోకి చూపు పూర్తిగా పోయింది. గ్లకోమా. అప్పటినుంచి నా మొగుడు గడప దాటింది డాక్టర్ దగ్గరికి మాత్రమే. ముప్పై ఏళ్లు ఒక్క ఆదివారం కూడా ఇంట్లో కూర్చోని మనిషి. ఏటా మే మొదటి ఆదివారం మా అల్బెంగా నుంచి సాన్‌రెమో దాకా సముద్రం పక్కనే సైకిళ్ల మీద వెళ్లేవాళ్లు, నలుగురు స్నేహితులు. అందరికంటే ముందు ఎజియో.

మిగతా ముగ్గురిలో ఒక్కడూ మా తలుపు తట్టలేదు. బచిచ్చా కూడా. మా పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాడు. వాడిమీద నాకు ఎంత కోపం ఉందో రాయడానికి ఈ పేజీ చాలదు.

ఇవాళ చెప్పేశాను. ఈసారి మనిద్దరం వెళ్తున్నాం, ముందు నేను కూర్చుంటాను అని. నీకు సైకిల్ తొక్కడం వచ్చా అన్నాడు. యాభై ఎనిమిదేళ్లలో కూరగాయల మార్కెట్ దాటి ఎన్నడూ తొక్కలేదు. వచ్చు అన్నాను.

ఏప్రిల్ 23, ఆదివారం

నది గట్టు మీద ప్రాక్టీస్. రెండుసార్లు పడ్డాం. రెండోసారి తుప్పల్లో. నా మోచెయ్యి దోక్కుపోయింది. ఎజియో వెల్లకిలా పడి నవ్వుతున్నాడు. ఆగస్టు తర్వాత మొదటిసారి. తిట్టబోయి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక ఒక షరతు పెట్టాడు. ఆ రోజు మనం ఆ ముగ్గురికంటే ముందే బయల్దేరాలి. నేను వెనక కూర్చుని పోతుండగా వాళ్లు చూడకూడదు అన్నాడు.

మే 6

రొట్టె, చేపలు కట్టి పెట్టాను.

మే 7, ఆదివారం, ఉదయం 7:30, అలాస్సియో

ఆరింటికి బయల్దేరాం. ఎజియో బెంచీ మీద రొట్టె తింటున్నాడు. పెన్ను చప్పుడు విని ఏం రాస్తున్నావు అంటే సరుకుల చీటీ అన్నాను.

దారంతా ఒకటే ప్రశ్న. “ఏం కనిపిస్తోంది?” సముద్రం అన్నాను. “ఎలా ఉంది?” తడిగా ఉంది అన్నాను. ఇంతకంటే మా అత్త నయం, తుఫానుని గాలి అనేది అని విసుక్కున్నాడు. దాంతో పౌరుషం వచ్చింది. ఒకడు పడవకి ఆకుపచ్చ రంగు వేస్తున్నాడనీ, సగం తనకే పూసుకున్నాడనీ చెప్పాను. మూసేసిన హోటల్ మూడో అంతస్తులో ఒక్క కిటికీకే పరదా ఉందని చెప్పాను. సముద్రంలో ఉన్న దీవి మీద మబ్బు కూర్చుందని చెప్పాను. ఎజియో నోరు మూసుకుని విన్నాడు. ముప్పైనాలుగేళ్ల కాపురంలో నా మాట ఇంతసేపు విన్నది ఇవాళే.

8:50, కాపో మేలే కొండ దాటాక

ఎక్కడం ఎక్కాం. దిగడం నావల్ల కాలేదు. కుడిపక్క కొండ, ఎడమపక్క అంత కింద నీళ్లు, వెనక నన్ను నమ్ముకుని కూర్చున్న మనిషి. బ్రేకులు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడిపోయాను. భయమేస్తోందని చెప్పాను. అరుస్తాడనుకున్నాను. దిగి, సీటు మీద చెయ్యేసి, నడుద్దాం పద అన్నాడు. నడిచే దిగాం. చాలా ఆలస్యమైపోయింది.

మధ్యాహ్నం 12, ఒనేల్యా రేవు

మర్చిపోకముందే రాయాలి.

కాపో బెర్తా కొండ పైన నీళ్లు తాగడానికి ఆగాం. కింద మలుపులో మాటలు వినిపించాయి. ఎజియో మొహం పాలిపోయింది. “వాళ్లే. గోడ వెనక్కి పోదాం. తొందరగా.” ఇంత పొడుగు సైకిల్‌ని ఏ గోడ వెనక దాచను? సగం తిప్పేలోపే ముగ్గురూ వచ్చేశారు. బచిచ్చా హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు, చర్చిలో నిలబడ్డట్టు.

“ఎజియో” అన్నాడు.

“ఎవరు?” అన్నాడు ఎజియో. గొంతు గుర్తుపట్టక కాదు.

“నేను రా. బచిచ్చాని.”

“ఓహో. బతికే ఉన్నావా? తొమ్మిది నెలలు నీ గొంతు వినపడకపోతే నీకూ ఏదో పోయిందనుకున్నాను.”

బచిచ్చా చెప్పాడు. రెండుసార్లు మా గుమ్మం దాకా వచ్చాడట. లోపల రేడియో మోగుతోందట. లోపలికొచ్చి ఏం మాట్లాడాలి, సైకిళ్ల గురించి తప్ప మనం ఏనాడైనా ఏమైనా మాట్లాడుకున్నామా, నీ ముందు సైకిల్ మాట ఎలా ఎత్తను అని వెనక్కి పోయాడట. చెప్తూ చెప్తూ ఏడ్చేశాడు, అరవై రెండేళ్ల మనిషి. నేను దాచిపెట్టుకున్న తిట్లు ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

“రేడియోలో సైకిల్ పందేలే వింటున్నాను రా, గాడిదా” అన్నాడు ఎజియో.

బచిచ్చా ముక్కు తుడుచుకుని నావైపు తిరిగాడు. “నీవెస్, కిందికి దిగేదాకా ముందు సీటు నాకిస్తావా?”

ఎజియో వేళ్లు హ్యాండిల్ మీద దరువేస్తున్నాయి. నేను హ్యాండిల్ వదిలి పక్కకి జరిగాను.

ఇద్దరూ కేకలు పెడుతూ వెళ్లారు. మొదటి మలుపులో ఎజియో “ఇంకా! ఇంకా!” అనడం విన్నాను. నాతో ఎన్నడూ అలా అనలేదు. బచిచ్చా సైకిల్ నాకు ఎత్తు. అందరికంటే వెనక, బ్రేకులు నొక్కుకుంటూ దిగాను. చేతిలో పట్టుకున్నది ఎవరో తీసేసుకున్నట్టు ఉంది. మూడో మలుపు దగ్గర బ్రేకు మీంచి ఒక వేలు వదిలాను. తర్వాత ఇంకోటి.

సాయంత్రం 6, సాన్‌రెమో

చేరాం. వాళ్లు మూడో వైన్ సీసా తెరిచారు. ఇకనుంచి ప్రతి ఆదివారం ఎజియోని మేం తీసుకెళ్తాం, నువ్వు హాయిగా ఇంట్లో కాళ్లు చాపుకో అన్నాడు బచిచ్చా. థాంక్స్ అన్నాను. సంతోషమే. నిజంగా సంతోషమే. అయినా లేచి ఒక్కదాన్నే రేవు చివరిదాకా నడిచొచ్చాను.

మే 14, ఆదివారం

ఎజియోని తీసుకుని వాళ్లు పడమరకి వెళ్లారు. నేను మార్కెట్ సైకిల్ మీద, బుట్టతో సహా, తూర్పుకి వెళ్లాను. ఫినాలే దాకా. ఎవరికీ చెప్పలేదు.

నేను వచ్చేసరికి ఎజియో వంటింట్లో ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

“చైన్ జారిందా?”

“జారింది.”

“ఎక్కించావా?”

“ఎక్కించాను.”

చెయ్యి వదల్లేదు. గ్రీజు ఇద్దరికీ అంటింది.