చిన్నాయన తెచ్చే కడలైమిఠాయి

నాయనా,

చిన్నాయనంటే నాకు గిట్టదని ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకు గిట్టనిది ఆయన తెచ్చే పొట్లం. నువ్వు పోయాక అమ్మకూ షుగర్ వచ్చింది. అప్పటినుంచి ఆయన ప్రతి ఆదివారం కోవిల్‌పట్టిలోని తన దుకాణం నుంచి విరుదునగర్ వచ్చి, కరుపట్టి అనే తాటిబెల్లం పాకంతో చేసిన కడలైమిఠాయి, అదే శెనక్కాయల అచ్చు, ఇచ్చి వెళ్తున్నాడు.

"ఇది సక్కరె కాదు వదినా, కరుపట్టి. లోపలంతా శెనక్కాయలే. సుగరున్నోల్లు దైర్యంగా తినొచ్చు."

ఆయనకూ షుగరే. అందుకే ఈరోజు కనిపెట్టి చూశాను. మిఠాయి అమ్మ చేతిలో పెట్టి, తను మాత్రం జేబులోంచి వేయించిన ఉత్త శెనక్కాయలు తీసి నములుతున్నాడు.

"నువ్వూ ఒక ముక్క తిను చిన్నాయనా," అన్నాను.

"నాకు పల్లు నొప్పి పాపా," అన్నాడు, నములుతూనే.

"సదివిన పిల్లకి అన్నీ సందేగమే," అని అమ్మ నవ్వింది.

అమ్మ మిఠాయి తిన్న రెండు గంటలకు నీ షుగర్ మిషన్‌తోనే ఆమె వేలు గుచ్చి చూశాను. చివర్లో నీకు వచ్చేటంత అంకె వచ్చింది. పొద్దున అందులో సగమే ఉంది.

ఇకమీదట ఆ పొట్లం మన గడప దాటదు. అమ్మకు రోజూ గుప్పెడు శెనక్కాయలు నేనే వేయించి పెడతాను. చిన్నాయనకు ఫోన్ చేసి చెప్పేశాను.