సునీత గది గోడ

మంగళవారం రాత్రి, నాందేడ్

నిరుడు నా గది పాత సున్నం గోడ పగుళ్లకు సిమెంటు పెట్టించాను. తోడికోడలు సునీత మాత్రం ధర్మాబాద్ సున్నం మేస్త్రీ దొరికేదాకా ఆగింది. అప్పుడు నవ్వాను. వానలకు నా పగుళ్లు మళ్లీ విచ్చుకున్నాయి. బెల్లం నీళ్లు, కరక్కాయ కలిపిన సున్నంతో ఆమె గోడ ఇవాళ అద్దంలా తేలింది.

"సున్నం గోడకు సిమెంటు పట్టదమ్మా. పైనున్న సిమెంటంతా కొట్టెయ్యాలె," అన్నాడు మేస్త్రీ నా గోడ చూసి. సునీత నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే నన్ను ఎక్కువ మండించింది.

ఇన్నేళ్లూ మధ్యాహ్నాలు నా గదిలోనే పడుకున్న అత్తమ్మ సునీత గదిలోకి వచ్చి, "శోభా, ఈ అర్ర సల్లగుంది. నా మంచం ఈడ్నే వెయ్," అంది. నేనే మోసుకెళ్లి వేశాను.

సాయంత్రం వాళ్లు గుడికి వెళ్లాక, ఒక్క పగులైనా దొరకదా అని ఆ గోడంతా తడిమాను. చల్లగా ఉంది. చేయి తీయబుద్ధి కాలేదు.