గుండెకు మేలు అని నేను రాయలేదు

నేను తాగి ఈ కాగితం రాయడం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాల్సి రావడానికి కారణం, మా ఇంట్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు లేకపోవడం. ఆర్గానిక్ వైన్ కంపెనీలో కరపత్రాలు రాసే ఉద్యోగంలో చేరి, రెండు శాంపిల్ సీసాలు బీరువాలో పెట్టుకున్న రోజున తాగుబోతునన్నారు. మూడు నెలలకి కరపత్రం అచ్చయి వచ్చాక డాక్టరమ్మనన్నారు. నేను కెమిస్ట్రీ డిగ్రీ చదివి, శనివారాల్లో రుచి కోసం అరగ్లాసు తాగే ఇరవై నాలుగేళ్ళ మనిషిని. అంతకు మించి ఏమీ కాను.

మొన్న గురువారం భోజనాల బల్ల దగ్గర, అమ్మ, బాబాయి, నానమ్మ వింటుండగా, "ఆ ఉద్యోగం మానేశావంటే నువ్వు మాకు చచ్చినట్టే" అని నాన్న ప్రకటించారు. కావున పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా స్వార్జితాన్ని ఈ కింది విధంగా పంచుతున్నాను. ఏడో తరగతిలో నోటుబుక్కు చివరి పేజీలో రాసిన వీలునామా, అందులో సైకిలు బాబాయికి ఇచ్చిన సంగతితో సహా, ఇందుమూలంగా రద్దు.

1. బాబాయికి: కంపెనీ నెలనెలా ఇచ్చిన శాంపిళ్ళలో ఖాళీ అయిన సీసాలు పదకొండు. నేను తాగుబోతునని ఫోన్లో చుట్టాలందరికీ వరసగా చెప్పింది ఈయనే. కరపత్రం వచ్చాక, "నా గుండె చిన్నప్పట్నుంచీ నీరసమేనే, ఇంకొంచెం పొయ్యి" అని గ్లాసు చాచిందీ ఈయనే. పదకొండులో తొమ్మిది ఆయన ఖాళీ చేసినవే కాబట్టి ఈ దానం మీద తగాదా ఉండదు. సైకిలు ఇవ్వను.

2. అమ్మకి: నా గదిలో కిటికీ పక్క కుర్చీ. కరపత్రం చూశాక అమ్మ రోజూ వైన్ని దగ్గుమందు మూతతో కొలుచుకుని, ముక్కు మూసుకుని మింగుతుంది. "ఛీ, పాడు రుచి. అందుకే పనిచేస్తోంది" అంటుంది. షరతు: ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు చేతిలో బట్ట, సూది, కూరగాయ, ఏదీ ఉండకూడదు. ఆరోగ్యానికి మేలని నేను పూచీపడి చెప్పగలిగింది ఇదొక్కటే.

3. నానమ్మకి: బీరువాలో మిగిలిన అరసీసా, నా ఊలు మేజోళ్ళు. ఆవిడ ఒక్క గుక్క తాగి, "పుల్లగా బాగుందే. బాగుంటే తాగాలి, లేకపోతే మానాలి. మధ్యలో ఈ గుండె గోలేంటే?" అంది. ఇంట్లో ఇంత శాస్త్రీయంగా మాట్లాడింది ఆవిడొక్కతే. సాక్షి సంతకం తనే చేస్తానంది. ఆస్తి పుచ్చుకునేవాళ్ళు సాక్షులుగా ఉండకూడదని చెబితే, మేజోళ్ళు వదులుకుంటానంది. సీసా మాత్రం వదలనంది. కనుక కుదరలేదు.

4. మా మేనేజరుకి: ఆయన ఎర్ర పెన్ను, ఆయనకే వాపసు. నేను రాసింది ఇది: "ఈ ద్రాక్షకి పురుగుమందులు కొట్టలేదు. ద్రాక్ష తొక్కలోని కొన్ని పదార్థాలు గుండెకు మేలు చేస్తాయేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి, ఇంకా తేలలేదు. ఆల్కహాలు మాత్రం ఏ వైన్లోనైనా ఆల్కహాలే." ఎర్ర పెన్ను ఆడాక మిగిలింది: "గుండెకు మేలు." దాని కింద "మా నిపుణురాలి మాట" అని నా ఫొటో. అడిగితే, "అనుమానాలు సీసా మీద పట్టవమ్మా" అన్నారు.

5. నాన్నకి: బీపీ మాత్రలు పందొమ్మిది. ఆయన దర్జీ దుకాణంలో, గుండీల డబ్బా అడుగున దొరికాయి.

నాన్న సీసా మీద బట్టల సుద్దతో గీతలు గీసి, రోజుకొక గీత చొప్పున తాగుతున్నారు. కరపత్రాన్ని దుకాణంలో అద్దం పక్కన అంటించి, కొలతలకొచ్చిన ప్రతివాళ్ళకీ "మా అమ్మాయి రాసింది" అని చూపిస్తున్నారు. కింది ఇంటి నర్సు బీపీ చూసి నూట డెబ్భై ఎనిమిదంటే, మిషను పాతదన్నారు. మాత్రలెందుకు మానేశారని అడిగాను. "నువ్వు రాశావుగా. నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మను?" అన్నారు.

లెక్కల్లో తొంభై వచ్చాయని చెబితే స్కూలుకెళ్ళి కనుక్కొచ్చిన మనిషి. ఇన్నేళ్ళలో నా మాట నమ్మడం ఇదే మొదటిసారి. అదీ నేను రాయని మాట.

కనుక మాత్రలతోపాటు, ఎర్ర గీతలున్న నా అసలు కాగితం కూడా నాన్నకే ఇస్తున్నాను. దాన్ని అద్దం పక్కన కరపత్రం మీద అంటించాలి. బుధవారం నర్సు వెంట డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఉదయం ఎనిమిదికి మోగే నా అలారం గడియారం కూడా ఆయనదే.

6. ఈ వీలునామా అమలు బాధ్యత కింది ఇంటి నర్సుది. నన్ను చచ్చినట్టే అనుకున్నా సరే, రోజూ ఎనిమిదికి మాత్రా నీళ్ళూ పట్టుకుని నాన్న ఎదురుగా నిలబడతాను. సోమవారం పదింటికి ఉద్యోగం మానేస్తున్నాను.

తేదీ: నవంబరు 16, శనివారం. అరగ్లాసు ఇంకా పోసుకోలేదు.

సంతకం: దర్జీగారి అమ్మాయి

సాక్షులు:
కింది ఇంటి నర్సు (మిషను కొత్తదే అని కూడా రాయమన్నారు)
నాన్న దుకాణంలో కాజాలు కుట్టే ఆయన (గుండీల డబ్బా చూపించింది తనే అని నాన్నకి చెప్పొద్దన్నారు)