బెల్లం సైట్ మీద దాడి

శుక్రవారం, రాత్రి

మామ బెల్లం కొట్టుకి నేను చేసిచ్చిన వెబ్‌సైట్ పొద్దుటి నుంచీ నత్తనడక. ఎవరెవరు వస్తున్నారో చూద్దామని లాగ్ తెరిచాను. ఒకే ఇంటర్నెట్ అడ్రస్ నుంచి ధరల పేజీని ఎవరో తెరిచిందే తెరుస్తున్నారు. ఇది దాడే అనుకుని బ్లాక్ చేసేశాను. సైట్ లేడిపిల్లలా పరుగెత్తింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

అంతలో మామ ఫోన్.

"ఒరే అల్లుడూ, కొట్లో ఏ ఫోన్లోనూ సైట్ రాట్లేదేటి?"

కొట్టుకి వైఫై ఒకటే. నేను బ్లాక్ చేసింది మామనే!

"అందరూ ఎందుకు తెరుస్తున్నారు మామా?"

"ఖాళీ కొట్టుకి గిరాకీ వత్తాదేట్రా? ముందు మనోళ్ళనే నలుగుర్ని నిలబెట్టాల. నొక్కుతానే ఉండండ్రా అని బస్తాలు మోసే కళాసీలందరికీ సెప్పేను."

అలా చేస్తే అసలు గిరాకీ పారిపోతుందని కోప్పడి, బ్లాక్ అలాగే ఉంచాను. కానీ రేపు పక్క కొట్టు షావుకారు వస్తాడు. మన సైట్‌కి జనం బాగా వస్తున్నారో లేదో చూసి, నా చేత తనకీ ఒకటి చేయించుకుంటాడట.

ఇందాక మళ్ళీ లాగ్ చూశాను. సాయంత్రం నుంచి వచ్చింది ఒక్కరే. అమ్మయ్య, అసలు గిరాకీ అని సంబరపడుతూ అడ్రస్ చూశాను.

నాదే.

బ్లాక్ తీసేశాను.