నాలుగు వంపుల గొట్టం

జూన్ 3
చౌటుప్పల్ బిల్డింగులో మూడో అంతస్తు ఖాళీ అయింది. మొన్నటిదాకా ఇన్సూరెన్స్ ఆఫీసు. కార్పెట్ మీద కుర్చీల గుంటలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇక్కడ మా మందుల కంపెనీ ల్యాబ్ రావాలి... ఆఫీసుకు ఏసీ చాలు. ల్యాబుకు అలా కుదరదు. రసాయనాలు కలిపే అద్దాల పెట్టె నుంచి ఘాటు గాలిని మేడ మీదికి లాగే రేకు గొట్టం కావాలి. నా డ్రాయింగులో తిన్నగా వేశాను, ఒక్క వంపు లేదు. నా పేరుతో మొదటి డ్రాయింగు! మా ఊరు కేతేపల్లికి ఫోన్ చేశాను. బాపు — "ల్యాబ్ అంటే దవాఖాననా బిడ్డా?"

జూన్ 11
ఎండీ సార్ వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. ఈశాన్యం నుంచి చెడుగాలి పోకూడదట. గొట్టం వాయవ్యానికి జరపాలట. అంటే సీలింగ్ లోపల హాలంతా చుట్టి నాలుగు వంపులు. మేడ మీది ఫ్యాను ఇన్ని వంపుల్లోంచి గాలి లాగదు. నాకు తెలుసు.
"సరే సార్" అన్నాను.

జూన్ 12
రేకు పని మేస్త్రీ ఖాజా చిచ్చాది. కొత్త డ్రాయింగు ఇవ్వలేదు, నోటితోనే చెప్పాను.
"నాలుగు దిక్కుల తిప్పితే గాలి గుంజదు బిడ్డా. సార్‌కు జర చెప్పరాదు."
"చెప్పింది చెయ్యి చిచ్చా."
ఎందుకంత కసిరానో. భయం నాది, కసురు ఆయనకు.

జూలై 2
సీలింగ్ మూసేశారు. వంపులు కనబడవు. హాయిగా ఉంది.

జూలై 9
ఈరోజు పరీక్ష. చిచ్చా ఇంటి నుంచి ఊదు తెచ్చి అద్దాల పెట్టెలో పొగ వేశాడు. పొగ పైకి పోవాలి. కాస్త ఎక్కింది, ఆగింది, తిరిగి మా ముఖాల మీదికే వచ్చింది. ల్యాబ్ అమ్మాయిలు ఒకటే దగ్గు. ఎండీ సార్ సీలింగ్ పలకలు తీయించారు.
"జరపమన్న గాని గిట్ల తిప్పుమన్ననా? డ్రాయింగుల గీ వంపులెక్కడున్నయ్? ఎవరు చేసిన్రు?"
"మేస్త్రీ సొంతంగా చేసిండు సార్."
నేనే అన్నాను. ఈ నోటితోనే. చిచ్చా నా వైపు చూశాడు. సామాను సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

జూలై 10
ముద్ద దిగలేదు.

జూలై 12
చిచ్చాకు ఫోన్ చేయాలి. చేయలేదు. సార్‌కు నిజం చెప్పాలి. మూడుసార్లు ఆయన గది తలుపు దాకా పోయి వచ్చాను. ఉద్యోగం పోతే బాపు ఏమైపోతాడు... థూ! నా పిరికితనానికి బాపును అడ్డం పెట్టుకుంటున్నా.

జూలై 14
చిచ్చాయే వచ్చాడు. సార్ ముందు చేతులు కట్టుకుని — "తప్పైంది సార్. మాఫ్ చెయ్యండ్రి. నేనే సక్కగ చేసిస్త." సార్ మెత్తబడ్డారు. గొట్టం తిన్నగానే పోనియ్యమన్నారు, ఈశాన్యానికి శాంతి చేయిస్తారట. కానీ ఒక కాగితం కావాలట. డ్రాయింగు కాదని సొంతంగా చేశానని మేస్త్రీ రాసివ్వాలి.
బయటికొచ్చాక అడిగాను, ఎందుకు చిచ్చా?
"నేను బిగించిన గొట్టం. పొగ మల్ల లోపటికే వస్తాంటే ఎట్ల ఊకుంట? ఆడపిల్లలు పనిచేసే జాగా. నీది కొత్త నౌకరి, ఫికర్ చెయ్యకు."
తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 15
కాగితం నన్నే రాయమన్నాడు చిచ్చా. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు. "డ్రాయింగును కాదని నా ఇష్టప్రకారం..." రాశాను. దస్తూరి ముత్యాల్లా ఉంది, ఛీ!
చేయి ప్యాంటుకు తుడుచుకుని పెన్ను అందుకున్నాడు.
"ఏం రాసినవో జర చదువు బిడ్డా. ఇని సంతకం పెడ్త."
కాగితం మడిచేశాను. "రేపు... సార్ ముందర చదువుత" అన్నాను. సరేనని పెన్ను తిరిగిచ్చాడు.
గదికొచ్చి ఇంకో కాగితం రాశాను. అందులో చిచ్చా పేరు లేదు, నా పేరుంది. రెండూ ఒకే సంచిలో పెట్టుకున్నాను. రేపు పది గంటలకు సార్ పిలుస్తారు. ఏది తీసి చదువుతానో... నా మీద నాకే నమ్మకం లేదు.